బెంగళూరులో ఎంటెక్, హెచ్‌సీఐ ఎలెక్టివ్ తీసుకోవచ్చా? చేసినవాళ్ళు చెప్పండి

కదిరి_కోడర్ | జనవరి 8, రాత్రి 10:52

అందరికీ నమస్తే. నేను మారతహళ్ళిలో ఉంటా, ఎనిమిదేళ్ళుగా జావా బ్యాకెండ్ పని (యాప్ వెనకాల సర్వర్‌లో నడిచే కోడ్). పోయిన ఏడాది ఇక్కడే ఒక యూనివర్సిటీలో ఉద్యోగం చేసుకుంటా చదివే ఎంటెక్‌లో చేరినా, శని ఆదివారాలు క్లాసులు. ఈ సెమిస్టర్‌కి ఒక ఎలెక్టివ్ ఎంచుకోవాల, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ (చాలా కంప్యూటర్లు కలిసి ఒకే పని చేసేది), ఎన్‌ఎల్‌పీ, హ్యూమన్ కంప్యూటర్ ఇంటరాక్షన్ (హెచ్‌సీఐ, మనుషులు కంప్యూటర్లని ఎట్లా వాడతారు అనేది) అని మూడు పెట్టినారు. శుక్రవారం లోపల ఫారం ఇచ్చేయాల.

నా మనసు హెచ్‌సీఐ మీదికి పోతాంది. కారణం చెప్తా. రెండేళ్ళ కిందట మా టీమ్‌లో ఆఫీసు వాళ్ళకోసమే ఒక టూల్ కట్టినాం, ఏడు నెలల పని, ఎక్కడా క్రాష్ లేదు, స్పీడు బాగుండాది, కానీ వాడాల్సినవాళ్ళు వాడలా, వాళ్ళ పాత ఎక్సెల్ షీటే తెరుచుకుని కూర్చున్నారు. ఎందుకు అని నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, ఆ ప్రశ్న నన్ను వదల్లా. కానీ క్లాస్‌మేట్లు అది డిజైన్ వాళ్ళ సబ్జెక్టు, నీకెందుకు అంటాండారు. కోడింగ్ ఉంటాదా, లెక్కలు ఉంటాయా, వారానికి ఎన్ని గంటలు పోతాయి, చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

బెజవాడ_బ్యాకెండ్ | జనవరి 8, రాత్రి 11:20

బ్రో సూటిగా చెప్తున్నా, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ తీసుకో. ఎనిమిదేళ్ళ బ్యాకెండ్ అనుభవం ఉంది, దాని మీద ఆ సబ్జెక్టు పడితే రేపు ఇంటర్వ్యూలో సిస్టమ్ డిజైన్ రౌండ్ దున్నేస్తావు. హెచ్‌సీఐ అంటే బటన్ ఎక్కడ పెట్టాలి, ఏ రంగు వెయ్యాలి, ఇదంతా కాస్త బుర్ర పెడితే ఎవరికైనా తెలిసేదే, దానికి ఒక సెమిస్టర్ ఫీజు కట్టడం ఎందుకు? నేను నీ మంచి కోరే చెప్తున్నా, ఇంట్లో ఈఎంఐలు ఉన్నవాళ్ళం మనం.

గోదారిగట్టు | జనవరి 9, ఉదయం 7:15

నేను పదకొండేళ్ళుగా బెంగళూరులో యూఎక్స్ రీసెర్చ్ (వాడేవాళ్ళు యాప్‌లని ఎలా వాడుతున్నారో దగ్గరుండి చూసే పని) చేస్తున్నానండి. బెజవాడ గారూ, మీరు అన్న "ఎవరికైనా తెలిసేదే" దగ్గరే ఈ సబ్జెక్టు మొదలైంది, అది చెప్పి ఆఫీసుకి వెళ్తాను.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 విమానాలు నేల మీద దిగాక పైలట్లు రెక్కల వెనక ఉండే పలకలు (ఫ్లాప్స్) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు, విమానం పొట్టమీద కూలబడేది. పైలట్ తప్పు అని రాసేసేవారు. ఆల్ఫాన్స్ చాపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్ళి చూస్తే ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్ మీటకి రెక్కలాంటి ముక్క తగిలించమన్నాడు, చేతికి తగలగానే తేడా తెలిసిపోతుంది కదండీ. ఈ రోజుకీ విమానాల్లో చక్రాల మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది. శిక్షణ పొందిన పైలట్లు, తెలివైన ఇంజనీర్లు, అందరూ ఉన్నారు అక్కడ, ఎవరికీ "తెలిసేదే" తట్టలేదు, ఎందుకంటే ఎవరూ పక్కన కూర్చుని చూడలేదు.

కదిరి గారూ, మీ ఎక్సెల్ షీటు వాళ్ళ సంగతి తేలాలంటే ఈ కోర్సే తీసుకోండి. ఒక్క మాట, ప్రాజెక్టు ఉన్న కోర్సు అయితేనే. ప్రాజెక్టు లేకుండా స్లైడ్లు చదివి పరీక్ష రాసే రకం అయితే బెజవాడ గారి సలహానే వినండి.

ఓరుగల్లు_పోరడు | జనవరి 9, మధ్యాహ్నం 1:40

అన్నా నేను పోయినేడాది చెన్నైల చేసిన ఈ సబ్జెక్టు. కోడింగ్ లేదు కద అల్కగ అయిపోతది అనుకొని తీస్కున్న, మస్తు కష్టపడ్డ. కోడ్ రాసుడు తక్కువనే, కానీ వారానికి పది పన్నెండు గంటలు పోతయి, ఎందుకంటే మనుషుల కోసం తిరుగుడే ఎక్కువ. ఎనిమిది మందిని ఇంటర్వ్యూ చెయ్యాలె అంటే ఎనిమిది మంది దొరకాలె, ఒప్పుకోవాలె, చెప్పిన టైముకు రావాలె, తర్వాత రికార్డు చేసింది మొత్తం విని రాయాలె, గంట మాటలు రాస్తే నాకు నాలుగు గంటలు పట్టింది.

లెక్కలు ఉంటయి అన్నా, భయపడకు గని ఉంటయి. ఫిట్స్ లా అని 1954ది, వేలు గని మౌస్ గని ఒక బటన్ మీదికి పోవాల్నంటే ఎంత సేపు అనేది దూరం, బటన్ వెడల్పు ఈ రెండిటి నిష్పత్తి మీద ఉంటది, దాని లాగ్ తీస్తం. దూరం రెండింతలు చేసి బటన్ గూడ రెండింతలు చేస్తే కష్టం అంతే ఉంటది, మా మిడ్‌టర్మ్‌ల ఇదే అడిగిన్రు. ఇంకోటి కీస్ట్రోక్ లెవెల్ మోడల్, ఒక పనికి ఎన్ని సెకన్లు పడతదో చిన్న చిన్న అడుగులు కూడి లెక్కేసేది, కార్డ్, మోరన్, న్యూవెల్ అని ముగ్గురు 1980ల ఇచ్చిన్రు. మౌస్ తోని చూపెట్టుడు 1.1 సెకన్లు, చెయ్యి మౌస్ మీదికెళ్ళి కీబోర్డు మీదికి 0.4, మనసుల సోంచాయించుకునుడు 1.35. కీ నొక్కుడు మామూలు టైపిస్టుకు 0.2, కీబోర్డే అలవాటు లేనోళ్ళకు 1.2. గిది చూసినంక నాకు దిమాక్ తిరిగింది. పదంకెల ఫోన్ నంబరు కొట్టుడు నాకు రెండు సెకన్లు, మా బాపుకు పన్నెండు సెకన్లు! ఒకటే ఫారం, ఒకటే డబ్బా. అప్పటిసంది ఏ ఫారంల నంబరు అడిగినా మా బాపు యాదికొస్తడు.

స్టాటిస్టిక్స్ మాత్రం రిఫ్రెష్ చేస్కో, టీ-టెస్టు (రెండు సగటుల నడుమ తేడా నిజమైందేనా అని చూసేది), ఒకటే మనిషికి రెండు డిజైన్లు చూపెడితే ఏది ముందు చూపెట్టాలె, ఆర్డర్ ఎట్ల మార్చాలె, ఇవన్ని అడుగుతరు.

చెన్నపట్నం_చదువు | జనవరి 9, సాయంత్రం 6:05

డౌట్ ఉంటే ముందు ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల సైటు ఎన్‌పీటెల్‌లో ఐఐటీ గువాహటి వాళ్ళ హెచ్‌సీఐ లెక్చర్లు రెండు వారాలవి చూడండి, ఫ్రీ. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకి ఫీజు కట్టాలి, మార్కుల్లో అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. నేను అలాగే మొదలుపెట్టాను. జార్జియా టెక్ ఆన్‌లైన్ మాస్టర్స్‌లో కూడా ఈ కోర్సు ఉంది, సీఎస్ 6750, మా కజిన్ ఇక్కడ తరమణిలో ఉద్యోగం చేస్తూ చేసింది, వారం వారం రాసే పని చాలా ఉంటుందట.

కదిరి_కోడర్ | జనవరి 10, రాత్రి 9:30

ఫారం ఇచ్చేసినా. హెచ్‌సీఐనే. ప్రాజెక్టుకి 40 మార్కులు ఉండాయి, అడిగి కనుక్కున్నా. బెజవాడ అన్నా కోపం వద్దు, డిస్ట్రిబ్యూటెడ్ వచ్చే సెమ్‌లో తీసుకుంటా.

కదిరి_కోడర్ | ఫిబ్రవరి 11, రాత్రి 11:48

మళ్ళీ వచ్చినా, సాయం కావాల. ప్రాజెక్టుకి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు వాడే విజిటర్ యాప్ తీసుకున్నాం నేనూ ఇంకో ఇద్దరు. యాప్ పేరు చెప్పను, అందరూ ఇట్లాంటిదే ఏదో ఒకటి చూసింటారు, ఎవరైనా వస్తే గార్డు ఫోన్‌లో ఎంట్రీ కొడతాడు, మనకి నోటిఫికేషన్ వస్తాది, మనం సరే అంటే లోపలికి పంపుతాడు. మా దగ్గర నాలుగు బ్లాకులు, రెండొందల పన్నెండు ఫ్లాట్లు.

ఐదుగురు గార్డులతో ఇంటర్వ్యూ చేసినాం. ఐదుగురూ ఒకటే మాట, "బాగుంది సార్, ఏం ఇబ్బంది లేదు సార్". మా పెద్దాయన ఒకాయన ఉండాడు, మదనపల్లె దగ్గరాయన, మీదీ మాదీ ఒకే పక్క అని నాతో తెలుగులో బాగానే మాట్లాడతాడు, ఆయన కూడా "దేవుడిలాంటి యాప్ సార్" అన్నాడు. పదహారు ప్రశ్నలు రాసుకుని పోయినాం, పదహారింటికీ బాగుందే. వచ్చే శనివారం ప్రెజెంటేషన్, చేతిలో ఏమీ లేదు. ప్రాజెక్టు మార్చేయమంటారా?

గోదారిగట్టు | ఫిబ్రవరి 12, ఉదయం 6:50

మార్చకండి! మీకు దొరికింది చాలా పెద్ద విషయం, అది సమాధానాల్లో లేదు, అంతే. రెండు అడుగుతాను. ఇంటర్వ్యూ చేసినప్పుడు పక్కన ఎవరున్నారు? మీరు ఫ్లాట్ ఓనరో అద్దెకుండే మనిషో అని ఆయనకి తెలుసా?

మీరు ఆయన కళ్ళకి స్టూడెంట్ కాదండి, సార్. సార్ వచ్చి మీ పని సరుకు ఎలా ఉందని అడిగితే ఉద్యోగం మీద బతికే మనిషి బాగుందనే అంటాడు. ప్రశ్నలు పక్కన పెట్టేసి పొద్దున్న రద్దీ టైములో కుర్చీ వేసుకుని రెండు గంటలు కూర్చోండి. ఫోన్ తియ్యొద్దు, సలహా ఇవ్వొద్దు, ఆయన తడబడితే సాయం చెయ్యొద్దు. అది చాలా కష్టం, చెయ్యి లాగేస్తుంది, అయినా ఆపుకోండి. చేతుల వైపు చూడండి, మొహం వైపు కాదు. స్క్రీన్ పక్కన ఏముందో చూడండి, కాగితం ముక్క, గోడ మీద పెన్నుతో రాసిన నంబరు, ఇలాంటివి. ఎక్కడ కాగితం ఉందో అక్కడ సాఫ్ట్‌వేర్ ఓడిపోయిందని నేను పదకొండేళ్ళలో నేర్చుకున్నాను.

సమ్మతి పత్రం తెలుగులో రాసి చదివి వినిపించండి, సూపర్‌వైజర్‌కి రిపోర్టు వెళ్ళదని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఫొటోలో మొహాలు వద్దు.

కదిరి_కోడర్ | ఫిబ్రవరి 15, రాత్రి 1:05

మేడమ్, మీకు ఎట్లా చెప్పాలో తెలీడం లేదు. నిద్ర పట్టక రాస్తాండా.

మొదట మీరడిగింది, అవును, ఇంటర్వ్యూ అప్పుడు సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉన్నాడు, మేమే పిలిచినాం ఆయన్ని పర్మిషన్ కోసం. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తాంది.

నిన్నా ఈరోజూ పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పెద్దాయన పక్కన స్టూలు మీద కూర్చున్నా. ఫోన్‌కి తాడు కట్టి బల్లకి ముడేసినారు, ఎవరూ ఎత్తకపోకుండా. ఆ తాడు పొట్టిది, ఆటో లోపల ఉండే మనిషి ఫొటో తీయాలంటే అందదు. తూర్పు గేటు, ఎండ నేరుగా స్క్రీన్ మీద పడతాది, తెల్లటి దాని మీద లేత బూడిద రంగు అక్షరాలు, ఆయన ఎడం చెయ్యి గొడుగు మాదిరి అడ్డం పెట్టి చూస్తాడు, అంటే ఇంక ఒక చెయ్యే మిగిలింది పనికి. విజిటర్ రకం ఎంచుకోవాల, బ్లాకు ఎంచుకోవాల, ఫ్లాట్ల లిస్టు కిందికి జరుపుకుంటా పోవాల, ఫోన్ నంబరు కొట్టాల, ఫొటో, సబ్మిట్. నంబరు కొట్టేటప్పుడు కీబోర్డు పైకొచ్చి సబ్మిట్ బటన్‌ని మూసేస్తాది. బ్యాక్ నొక్కితే కీబోర్డు దిగుతాది, రెండుసార్లు నొక్కితే ఫారం మొత్తం పోతాది. నేను చూస్తుండంగా మూడుసార్లు పోయింది. మూడోసారి ఆయన నా పక్క చూసి నవ్వినాడు, "వయసైపోయింది సార్, నాకే రాదు" అన్నాడు. ఆ మాట మాత్రం తట్టుకోలేకపోయినా. తప్పు ఆయనది కాదు అని చెప్పబోయి, మీరు మాట్లాడొద్దన్నారు కదా అని నోరు మూసుకున్నా.

ఎనిమిదింటికి అసలు రద్దీ. పనిమనుషులు, పాల ప్యాకెట్లు, స్కూల్ వ్యాన్లు, డెలివరీ పిల్లోళ్ళు హారన్ కొడతాండారు. అప్పుడు ఆయన ఫోన్ బోర్లించి పెట్టేసినాడు. డ్రాయర్ లోంచి ఒక పొడుగు నోట్‌బుక్ తీసినాడు, నోట్‌బుక్ మధ్యలో పెన్ను గుచ్చి రెడీగా ఉంది. టైము, ఫ్లాటు, ఫోన్ చివరి నాలుగంకెలు, అంతే, ఒక గీత. నా దగ్గర స్టాప్‌వాచ్ ఉండింది, యాప్‌లో ఒక మనిషికి ముప్పావు నిమిషం పైనే, నోట్‌బుక్‌లో పది సెకన్ల లోపల.

మరి యాప్‌లో ఎంట్రీలు రోజూ ఉంటాయి కదా, అదెట్లా అని అడిగినా రద్దీ అయినాక. పదకొండు గంటలకి ఖాళీ అయినప్పుడు నోట్‌బుక్ ముందు పెట్టుకుని అన్నీ ఒకదాని తర్వాత ఒకటి కొడతాడంట! నాకు అప్పుడు వెలిగింది, మా ఇంటికి పదకొండుంబావుకి "పాలు వచ్చాయి, అనుమతిస్తారా" అని నోటిఫికేషన్ వస్తాది, నేను ఆఫీసులో కూర్చుని చూడకుండా సరే నొక్కుతా, ఏడాది నుంచీ. పాలు ఎప్పుడో పొద్దునే తాగేసినాం. అసోసియేషన్ మీటింగ్‌లో ప్రొజెక్టర్ మీద గ్రాఫ్ చూపిస్తారు, మన గేటుకి పదకొండింటికి రద్దీ ఎక్కువ అని, దాన్ని పట్టుకుని పదకొండింటికి ఇంకో గార్డుని పెట్టినారు. ఎనిమిదింటికి ఈయన ఒక్కడే.

ఎక్సెల్ షీటు తెరుచుకుని కూర్చున్నవాళ్ళు గుర్తొచ్చినారు. వాళ్ళ టేబుల్ దగ్గరికి ఒక్కరోజు పోలేదు నేను ఏడు నెలల్లో.

టెస్టింగ్_అక్క | ఫిబ్రవరి 15, ఉదయం 8:30

చదువుతుంటే గుండె బరువెక్కింది తమ్ముడూ. "నాకే రాదు" అనే మాట నేను టెస్టింగ్‌లో పద్నాలుగేళ్ళుగా వింటున్నా. నేను ఎన్ని బగ్‌లు ఎక్కించానో, "యూజర్ ఎర్రర్, క్లోజ్డ్" అని వెనక్కి వచ్చేవి.

1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది. కంట్రోల్ రూమ్‌లో దీపం ఆరిపోయింది, మూసుకుందని ఆపరేటర్లు నమ్మారు. ఆ దీపం చెప్పేది వాల్వ్ మూసుకుందని కాదు, మూసుకోమని సిగ్నల్ వెళ్ళిందని మాత్రమే. ఈ కథ నేను టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ చెప్తాను. మన యాప్‌లలో "సక్సెస్" అని పచ్చ టిక్ చూపిస్తాం చూడు, డబ్బు అవతల అందిందనా, రిక్వెస్ట్ వెళ్ళిందనా? ఓటింగ్ మెషీన్‌లో బటన్ నొక్కాక వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు అద్దంలో కనిపిస్తుంది, నువ్వు నొక్కిందే పడిందని నీ కళ్ళతో చూసుకుంటావు. ఇంటి పక్క టిఫిన్ సెంటర్ ఆయన దోసె తిప్పుతూ ఫోన్ వైపు చూడడు, పక్కనున్న స్పీకర్ డబ్బా "ఎనభై రూపాయలు వచ్చాయి" అంటే తల ఊపుతాడు. చేతులు ఖాళీ లేనివాడికి చెవికి చెప్పారు. మీ గార్డుకీ చేతులు ఖాళీ లేవు కదా.

బెజవాడ_బ్యాకెండ్ | ఫిబ్రవరి 15, మధ్యాహ్నం 12:10

కదిరి బ్రో, బాగా పట్టుకున్నావు, ఒప్పుకుంటున్నా. కానీ ఒక మాట. కీబోర్డు బటన్‌ని మూసెయ్యడం బగ్, ఫారం పోవడం బగ్, డ్రాఫ్ట్ సేవ్ చెయ్యకపోవడం బద్ధకం. ఇవి సరిగ్గా రాస్తే అయిపోతాయి కదా, దానికి ఒక శాస్త్రం అవసరమా?

గోదారిగట్టు | ఫిబ్రవరి 15, రాత్రి 8:45

ఆ మూడూ రేపే సరిచేశారనుకోండి బెజవాడ గారూ. ఫారం ముప్పావు నిమిషం నుంచి అరనిమిషానికి వస్తుంది. ఎనిమిదింటికి ఆయన చేతిలో అరనిమిషం కూడా లేదండి, మళ్ళీ నోట్‌బుక్కే తీస్తాడు. అసలు రోజూ వచ్చే పనమ్మాయికి రోజూ ఫారం ఎందుకు అనే ప్రశ్న బగ్ లిస్టులోకి ఎప్పటికీ రాదు. డిజైన్ మీద పుస్తకాలు రాసిన డాన్ నార్మన్ రెండు అగాధాలు అంటాడు, మనిషి అనుకున్నదాన్ని మెషీన్‌తో చేయించుకోవడం ఒకటి, మెషీన్ ఏం చేసిందో మనిషికి అర్థం కావడం ఇంకోటి. మీరు చెప్పినవి మొదటిదాని మీద వంతెనకి మూడు పలకలు.

అక్షరమాల | ఫిబ్రవరి 16, ఉదయం 10:20

నేను తెలుగు ఫాంట్లు, కీబోర్డుల మీద పనిచేస్తాను, ఒక విషయం అడగాలి. ఆ యాప్ ఏ భాషలో ఉంది? మీరు ప్రోటోటైప్ (పరీక్షించడానికి చేసే నమూనా) తెలుగులో చేస్తుంటే కొన్ని ముందే చూసుకోండి, తర్వాత ఏడుస్తారు.

"లక్ష్మి" అని రాయండి. కంటికి రెండు అక్షరాలు, ల, క్ష్మి. యూనికోడ్‌లో (కంప్యూటర్ అక్షరాలని దాచుకునే కోడ్) లోపల ఏడు, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. బ్యాక్‌స్పేస్ ఒకసారి కొడితే ఏం పోవాలి? గుడి ఒక్కటా, మ కూడానా, క్ష్మి మొత్తమా? ఒక్కో కీబోర్డులో, ఒక్కో యాప్‌లో ఒక్కోలా ఉంటుంది, అందుకే మా అమ్మ తప్పు పడితే దిద్దదు, మొత్తం చెరిపి మళ్ళీ రాస్తుంది. పేరుకి పది అక్షరాలే అని డబ్బా పెట్టేవాళ్ళు ఆ ఏడునీ లెక్కేస్తారు, మా ఊళ్ళో సగం పేర్లు పట్టవు. ఇంగ్లిష్ కొలతతో లైన్ ఎత్తు పెడితే కింద వత్తులు తెగిపోతాయి, "పద్మ"లో మ-వత్తు కనపడకపోతే పద అయిపోతుంది. ఎస్సెమ్మెస్ కూడా అంతే, ఇంగ్లిష్‌లో 160 పట్టేచోట తెలుగులో 70.

ఇంకోటి, దయచేసి "అనుమతించు", "తిరస్కరించు" అని పెట్టకండి. గేటు దగ్గర ఎవరూ ఆ మాట అనరు. ఆయన ఏమంటాడో అదే రాయండి.

కదిరి_కోడర్ | ఫిబ్రవరి 16, రాత్రి 10:15

యాప్‌లో ఇంగ్లిషూ హిందీ ఉండాయి, కన్నడం సగం సగం. మా గార్డుల్లో ఇద్దరు ఒడిశా వాళ్ళు, ఒకరు అస్సాం, పెద్దాయన తెలుగు, ఇంకొకాయన రాయచూరు. ఏ ఒక్క భాష పెట్టినా ఎవరో ఒకరు బయట మిగులుతారు, అందుకే మాటలు తగ్గించి అంకెలు, బొమ్మలు పెద్దవి చేస్తాం అనుకుంటున్నాం. పెద్దాయన లోపలికి పంపేదాన్ని "పంపు" అంటాడు, ఆపేదాన్ని "నిలుపు". అవే రాసినా తెలుగు దానిలో.

కదిరి_కోడర్ | మార్చి 22, రాత్రి 11:30

ఎవరైనా ఇంకా చదువుతాంటే, ప్రోటోటైప్ టెస్టింగ్ అయిపోయింది. కాగితం మీదే చేసినాం, ఏ4 అట్టలు ఫోన్ సైజుకి కోసి, నేను కంప్యూటర్ మాదిరి ఆయన వేలు ఎక్కడ పెడితే దానికి తగిన అట్ట మార్చేది. మొదట్లో అట్టని పట్టుకుని ఏం పరీక్షిస్తాం అనుకున్నా, కానీ అట్ట అయితే మనుషులు భయం లేకుండా తిడతారు! ఫోన్‌లో మెరిసే స్క్రీన్ చూపిస్తే బాగుంది సార్ అంటారు, అట్ట చూపిస్తే "ఈ డబ్బా ఇక్కడెందుకు" అన్నాడు రాయచూరాయన. మాది ఇట్లా ఉంది, లిస్టు జరిపే పని లేదు, బ్లాకుకి నాలుగు పెద్ద గడులు, తర్వాత ఫ్లాటు అంకె కొట్టడమే. రోజూ వచ్చేవాళ్ళకి ఫొటోలతో వేరే పేజీ, ఒక్క తట్టు చాలు. పంపు, నిలుపు బటన్లు ఒకటి పైన ఒకటి కింద, దూరంగా. పాతదానిలో రెండూ పక్కపక్కనే, వేలి మందం కూడా సందు లేదు. అక్షరాలకి వెనక రంగుకి మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాల్లో ఉండాది, ఎండ కోసం మేము నల్లదాని మీద పసుపు పెట్టినాం, దానికంటే చాలా ఎక్కువే వచ్చింది.

అడగాల్సింది ఒకటి ఉండాది. చివర్లో ఎస్‌యూఎస్ ప్రశ్నలు ఇచ్చినాం, వాడకం ఎంత సులువో కొలిచే పది ప్రశ్నలు, చదివి వినిపించి ఒకటి నుంచి ఐదు దాకా చెప్పమన్నాం. నలుగురు మామూలుగా చెప్పినారు. పెద్దాయన పదింటికీ ఐదే అన్నాడు. నవ్వుతా, చాలా ప్రేమగా. స్కోరు లెక్కేస్తే 50 వచ్చింది! వందకి సగటు 68 అంటారు కదా, మా డిజైన్ ఆయనకి నచ్చలేదా, లెక్క తప్పా?

ఓరుగల్లు_పోరడు | మార్చి 23, ఉదయం 9:10

లెక్క కరెక్టే అన్నా. 1986ల జాన్ బ్రూక్ ఆ పది ప్రశ్నలను కావాల్ననే ఒకటి మంచిది ఒకటి చెడ్డది పెట్టిండు. "వాడుడు అల్కగ ఉన్నది" ఒకటైతే "ఇది మస్తు గజిబిజి ఉన్నది" ఇంకోటి. బేసి ప్రశ్నలకు వచ్చినదాంట్లకెళ్ళి ఒకటి తీసేయాలె, సరి ప్రశ్నలకు ఐదులకెళ్ళి వచ్చింది తీసేయాలె, మొత్తాన్ని రెండున్నరతోని గుణించాలె. అన్నిటికి ఐదు అంటే బేసివి ఐదు నాలుగులు ఇరవై, సరివి సున్న, ఇరవై ఇంటు రెండున్నర యాభై. అందరికి అన్నిటికి సరే అనేటోడు సరిగ్గ మధ్యల పడతడు. డిజైన్ గురించి అది ఏం చెప్పది, ఆయనకు నువ్వంటే ఇష్టమని చెప్తది. రిపోర్టుల ఆ నంబరు దాయకు, ఎందుకొచ్చిందో గూడ రాయి, మా సార్ అయితే దానికే మార్కులేసేటోడు.

ఐదుగురి మీద సగటు తీసి "మా డిజైన్ ఇంత శాతం మేలు" అని మాత్రం రాయకు. నీల్సన్, లాండవర్ 1993ల లెక్క చెప్పిన్రు, ఒక్కో మనిషి సమస్యల్ల సుమారు 31 శాతం బయటపెడితే ఐదుగురితోని 85 శాతం దాకా దొరుకుతయని. అది సమస్యలు దొరకవట్టుటానికి, గొప్పలు చెప్పుకునుటానికి కాదు.

టెస్టింగ్_అక్క | మార్చి 23, ఉదయం 11:00

పెద్దాయన దగ్గర ప్రశ్నలు వదిలెయ్ తమ్ముడూ. మూడు పనులిచ్చి చేయించు, ఎన్నిసార్లు ఆగాడో రాసుకో. ఆయన నోరు నీకు మర్యాద చేస్తుంది, వేలు చెయ్యదు.

బెజవాడ_బ్యాకెండ్ | మార్చి 24, రాత్రి 10:40

ఉద్యోగానికి డిస్ట్రిబ్యూటెడే ఎక్కువ పనికొస్తుందని ఇప్పటికీ అంటాను, అది మార్చుకోను. కానీ ఈ థ్రెడ్ చదివాక పోయిన ఆదివారం ఊళ్ళో మా మామగారి చేతికి మా టీమ్ కట్టిన రిఫండ్ పేజీ ఇచ్చి పక్కన కూర్చున్నాను, గోదారి మేడమ్ చెప్పినట్టు నోరు మూసుకుని. ఆయన "రిఫండ్ ఇనీషియేటెడ్" అని చూసి డబ్బు వచ్చేసిందనుకుని ఫోన్ పక్కన పెట్టేశారు. ఆ మాట పెట్టింది నేనే. టెస్టింగ్ అక్క చెప్పిన దీపం గుర్తొచ్చింది. సోమవారం వెళ్ళి "డబ్బు ఇంకా రాలేదు, గురువారం లోపు మీ ఖాతాలో పడుతుంది" అని మార్చే టికెట్ నేనే రాశాను, తేదీ నిజంగా సరైనది తెప్పించడానికి బ్యాకెండ్‌లో రెండు సర్వీసులు మార్చాల్సి వస్తోంది.

కదిరి_కోడర్ | ఏప్రిల్ 27, రాత్రి 9:55

పరీక్ష అయిపోయింది, ప్రాజెక్టు ఇచ్చేసినాం. ఫిట్స్ లా లెక్క వచ్చింది, ఓరుగల్లు తమ్ముడూ నీ దయ. కీస్ట్రోక్ మోడల్ మీద ఒక ప్రశ్న, టచ్ ఫోన్‌కి ఆ పాత సంఖ్యలు ఎందుకు నేరుగా సరిపోవో రాయమని, అది బాగా రాసినా.

పెద్దాయనకి చెప్పడానికి పోయినా ఈ సాయంత్రం. "కొత్తది ఫోన్‌లోకి ఎప్పుడొస్తాది సార్" అని అడిగినాడు. ఇది చదువు కోసం చేసింది, ఆ కంపెనీ వాళ్ళకి మెయిల్ రాసినాం, జవాబు రాలేదు, అసోసియేషన్‌కి ఎనిమిదింటి రద్దీ సంగతి ఎవరి పేరూ చెప్పకుండా చెప్తాం అన్నా. ముందు రోజే ఈ మాట స్పష్టంగా చెప్పి ఉండాల్సింది, రెండు నెలలు ఆశ పెట్టినట్టయింది. సమ్మతి పత్రంలో ఉండాది, కానీ చదివి వినిపించేటప్పుడు ఆ లైను గబగబా చదివేసినా. మీరెవరైనా ఈ కోర్సు తీసుకుంటే ఆ లైను దగ్గర ఆగండి.

అట్టలు పారేద్దాం అనుకుంటే రోజూ వచ్చేవాళ్ళ అట్ట ఆయన ఇవ్వలా. బల్ల మీద టేపుతో అంటించుకుని ఉండాడు, నోట్‌బుక్ పక్కనే. వంగి చూస్తే దాని మీద పెన్నుతో కొత్త గీత ఒకటి కొట్టినాడు, ప్రతి పనమ్మాయి ఫొటో గడి పక్కన ఒక అంకె, కొన్నింటికి ఆరు, కొన్నింటికి రెండు. ఏంది అని అడిగితే, ఆ అమ్మాయి ఎన్ని ఇండ్లలో పనిచేస్తాదో అది, ఒక ఇల్లు వద్దంటే ఇంకో ఇంటికి పంపాల కదా సార్ అన్నాడు. మేము ఒక మనిషికి ఒక ఫ్లాట్ అనే గడి గీసినాం. మా ముగ్గురికీ, మా ప్రొఫెసర్‌కీ తట్టలా.

రిపోర్టు ఇచ్చేసినాం కానీ రేపు పొద్దున ఏడున్నరకి మళ్ళీ స్టూలు వేసుకుంటాండా.

గోదారిగట్టు | ఏప్రిల్ 27, రాత్రి 10:20

ఆ అట్ట ఫొటో పెట్టండి, పేర్లు, మొహాలు కనపడకుండా. రేపు ఆయన్ని అడగండి, మిగతా నలుగురు గార్డులు కూడా ఆ అంకెల్ని చదువుతున్నారా, లేక ఆయనొక్కడికే అర్థమవుతున్నాయా అని.